సముద్రం కింది లావా: యువ రచయిత్రికి లేఖ

విజయవాడ

అమ్మాయీ,

గుంటూరు నుంచి నువ్వు పంపిన వ్యాసం చదివాను. ఖండాల అంచున, సముద్రం కింద ఉన్న అగ్నిపర్వత శిలల గురించి తెలుగులో రాయాలనుకున్నందుకు చాలా సంతోషం. ఒక వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయాను. “శాస్త్రవేత్తలు ఆ లావాను ఫొటోలు తీశారు” అన్నావు. ఫొటోలు కావమ్మా, అవి శబ్దంతో గీసిన బొమ్మలు. ఎలా గీశారో చెబితేనే చదివేవాళ్లు నమ్ముతారు.

ఓడ వెనకాల ఎయిర్‌గన్‌లు కొన్ని సెకన్లకోసారి ఒత్తిడితో నింపిన గాలిని నీళ్లలోకి ఒక్కసారిగా వదులుతాయి. ఆ శబ్దం అడుగుకు వెళ్లి, రాతి పొర మారిన చోటల్లా కొంత వెనక్కి వస్తుంది. ఓడ ఈడ్చుకెళ్లే కిలోమీటర్ల పొడవు కేబుల్‌లోని హైడ్రోఫోన్లు (నీళ్లలో పనిచేసే మైకులు) దాన్ని పట్టుకుంటాయి. అలా తిరిగొచ్చిన శబ్దాలతో గీసిన అడ్డుకోత బొమ్మే సెక్షన్. అందులో నిలువు వైపు ఉండే అంకెలు చాలాసార్లు లోతు కాదు, శబ్దం వెళ్లి రావడానికి పట్టిన టైమ్. నీళ్లలో శబ్దం సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది, గట్టి బసాల్ట్‌లో (లావా చల్లారితే ఏర్పడే నల్లరాయిలో) అంతకు మూడింతలకు పైగా. నీ వ్యాసంలో 4 సెకన్లు కాస్తా 4 కిలోమీటర్లు అయిపోయాయి. దిద్దుకో.

నార్వే తీరానికి ఆవల సముద్రం అడుగున ఉన్న వోరింగ్ పీఠభూమికి ఒక్క లైను ఇచ్చి వదిలేశావు. అసలు కథంతా అక్కడే ఉంది. అక్కడి సెక్షన్లలో పొరలు సముద్రం వైపు వాలి కనిపించాయి. అవి లావా పొరలని జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ హింజ్ 1981లో వివరించాడు. 1985లో జాయిడిస్ రిజల్యూషన్ అనే పరిశోధన ఓడ అక్కడ బోరు వేస్తే నిజంగానే లావా వచ్చింది, అదీ చాలావరకు ఆరుబయట చల్లారిన లావా! సుమారు 5.5 కోట్ల ఏళ్ల కిందట గ్రీన్‌లాండ్, ఐరోపా విడిపోయేటప్పుడు అది నేల మీద పారింది. ఆ తర్వాతే నేల కుంగి నీళ్ల కిందికి పోయింది. కాబట్టి “సముద్రంలో బద్దలైన అగ్నిపర్వతాలు” అన్న నీ శీర్షిక దీనికి నప్పదు. సెక్షన్ చూపించింది వాలు, బోరు తేల్చింది రాయి. రెంటినీ వేరు వేరు వాక్యాల్లో రాయి.

మన ఉదాహరణ కూడా ఉండాలి. కొవ్వూరు దగ్గర పంగిడి క్వారీల్లోని నల్లరాయి సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటి దక్కన్ లావా. పడమటి వైపు నుంచి దాదాపు 1,000 కిలోమీటర్లు పారి వచ్చిందని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. కృష్ణా-గోదావరి బేసిన్‌లో సముద్రంలో వేసిన చమురు బావుల్లోనూ ఆ లావా తగిలింది. కానీ దీన్ని నార్వేతో ఒకే గాట కట్టకు. మన తూర్పు తీరం అంటార్కిటికా నుంచి విడిపోయింది అంతకు చాలా ముందు, సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట.

ఆ క్వారీ వాళ్ల అనుమతి తీసుకుని, బ్లాస్టింగ్ లేని వేళ వెళ్లు. రెండు లావా పొరల మధ్య గవ్వలున్న సున్నపురాయి కనిపిస్తుంది. ఉన్నది ఉన్నట్టు గీసి, తిరగరాసిన వ్యాసంతో పాటు నాకు పంపు.