‘కొనండి’ అన్న బటన్ నొక్కితే కొన్నట్టేనా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడింటిని ఒకచోట చేర్చాం. ఒకటి పుస్తకాల గురించి, ఒకటి పాట గురించి, ఇంకొకటి ప్రింటర్ గురించి. డబ్బు పెట్టి కొన్నదాని మీద, సొంత గొంతుతో పాడినదాని మీద తమ మాట చెల్లడం లేదన్నదే ముగ్గురి బాధా.

ప్రశ్న: నేను విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడిని. అక్షరాలు పెద్దవి చేసుకుని చదువుకోవచ్చునని ఆరేళ్లుగా ఒక యాప్‌లో ఈ-పుస్తకాలు కొంటున్నాను. 42 పుస్తకాలకు దాదాపు ఆరు వేల రూపాయలు అయ్యాయి. ఈ నెలాఖరుతో సేవలు ఆపేస్తున్నామని, ఆ తర్వాత పుస్తకాలు తెరుచుకోవని ఇప్పుడు మెయిల్ పంపారు. వాటిని దించుకునే వీలు లేదు. నేను గీసుకున్న గీతలు, పక్కన రాసుకున్న మాటలు కూడా పోతాయట. యాభై ఏళ్ల కిందట కొన్న పుస్తకాలు మా బీరువాలో ఇంకా ఉన్నాయి, వాటిని ఎవరూ వచ్చి పట్టుకుపోలేదు. డబ్బు తిరిగి అడగవచ్చా? మా మేనల్లుడు ఆ ఫైళ్ల తాళం తీసి భద్రపరుస్తానంటున్నాడు. అది నేరమవుతుందా? – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మాస్టారూ, మీ బీరువాతో మీరు పెట్టిన పోలికలోనే చిక్కంతా ఉంది. మన కాపీరైట్ చట్టం (1957) పుస్తకం ప్రతులను జనంలోకి విడుదల చేసే హక్కును రచయితకో ప్రచురణకర్తకో ఇస్తూనే, ఇప్పటికే చలామణీలో ఉన్న ప్రతులకు ఆ హక్కు వర్తించదని 14వ సెక్షన్‌లో చెప్పింది. ఒకసారి అమ్ముడైన ప్రతిని మీరు ఎవరికైనా ఇచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. హైదరాబాద్‌లో ఆదివారం నాడు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాలు, విజయవాడ లెనిన్ సెంటర్‌లో పేర్చి పెట్టే పాత పుస్తకాలు చట్టం ఇచ్చిన ఈ వెసులుబాటు మీదనే చేతులు మారుతున్నాయి. ఫైలు సంగతి వేరు. ఒక పరికరం నుంచి ఇంకో పరికరానికి పోయిన ప్రతిసారీ అది కొత్త ప్రతి అవుతుంది, ప్రతి తీసే హక్కు రచయితదే. ఈ సందు పట్టుకునే కంపెనీలు పుస్తకాన్ని అమ్మకుండా, చదువుకునే అనుమతిని మాత్రం అమ్ముతాయి. ఆ మాట ఎక్కడో నలభయ్యో పేజీ షరతుల్లో ఉంటుంది. బటన్ మీద మాత్రం ‘కొనండి’ అనే ఉంటుంది.

మీకు జరిగింది కొత్త కాదు. 2009 జులైలో అమెజాన్ సంస్థ, అమ్మినవారికి అమెరికాలో హక్కులు లేవన్న కారణంతో, జార్జ్ ఆర్వెల్ ‘1984’ను, ‘యానిమల్ ఫామ్’ను పాఠకుల కిండిల్ పరికరాల్లోంచి వాళ్లకు చెప్పకుండానే తుడిచేసింది. ప్రజల మీద నిఘా పెట్టి, చరిత్రను రోజూ చెరిపి రాసే ప్రభుత్వం గురించి రాసిన ‘1984’ పుస్తకమే ఇలా మాయమవడం ఎంత విడ్డూరమో మీవంటి మాస్టార్లకు నేను చెప్పనక్కరలేదు. డబ్బు వెనక్కి ఇచ్చారు, అమెజాన్ అధిపతి జెఫ్ బెజోస్ బహిరంగంగా క్షమాపణ కూడా చెప్పారు. అయితే పుస్తకంతో పాటు తాను రాసుకున్న నోట్సు కూడా అక్కరకు రాకుండా పోయిందని ఒక హైస్కూలు విద్యార్థి దావా వేస్తే, అమెజాన్ 1,50,000 డాలర్లకు రాజీ చేసుకోవలసి వచ్చింది. పదేళ్ల తర్వాత, 2019లో, మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తకాల దుకాణం మూసేసినప్పుడు కొన్నవాళ్లందరికీ పూర్తి ధర తిరిగి ఇవ్వడమే కాకుండా, పుస్తకాల్లో నోట్సు రాసుకున్నవాళ్లకు అదనంగా 25 డాలర్లు జమ చేసింది. అంచుల్లో రాసుకున్న మాటలకు కూడా విలువ ఉందని ఒక పెద్ద సంస్థ ఒప్పుకున్న సందర్భం అది. మీరు రాయబోయే నోటీసులో దీన్ని తప్పకుండా ప్రస్తావించండి.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2025 జనవరి 1 నుంచి ఒక నియమం పెట్టింది. కొనేవారికి దక్కేది లైసెన్సు మాత్రమే అయితే, ఆ సంగతి స్పష్టంగా చెప్పకుండా ‘కొనండి’ అన్న మాట వాడకూడదు. మనకు అలాంటి ప్రత్యేక నియమం లేదు. కానీ వినియోగదారుల రక్షణ చట్టం (2019) ఉంది. కొన్నట్టు నమ్మించి అనుమతి మాత్రం ఇవ్వడాన్ని ‘అనుచిత వ్యాపార పద్ధతి’ అనవచ్చు, డబ్బు తీసుకుని సేవను మధ్యలో ఆపడాన్ని ‘సేవాలోపం’ అనవచ్చు. షరతుల్లో ‘వివాదాలు ఫలానా నగరంలోనే తేల్చుకోవాలి’ అని ఉన్నదని జంకకండి. మీరు నివసించే చోటే ఫిర్యాదు చేసే హక్కును 34వ సెక్షన్ ఇచ్చింది కనుక, కంపెనీ కార్యాలయం ఎక్కడున్నా, మీరు గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. ఇక మధ్యవర్తిత్వానికే వెళ్లాలన్న షరతు ఉన్నంత మాత్రాన వినియోగదారుల ఫోరం దారి మూసుకుపోదని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. చెల్లించిన సొమ్ము అయిదు లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలును పెట్టుకోవలసిన పని లేదు, సమస్య తలెత్తిన రెండేళ్లలోగా వేయాలి. అంతకంటే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, చాలా వ్యవహారాలు అక్కడే కొలిక్కి వస్తాయి. ఆ షరతులే అన్యాయమైన ఒప్పందమని వాదించదలిస్తే మాత్రం జిల్లా కమిషన్ వినదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. ఆరు వేల కోసం అంత దూరం వెళ్లమని నేను చెప్పను.

నెలాఖరు లోగా చేయవలసిన పని ఒకటుంది. పుస్తకాల జాబితా కనిపించే పేజీని, ప్రతి కొనుగోలు రసీదును, ‘కొనండి’ అన్న బటన్‌ను, వాళ్లు పంపిన మెయిల్‌ను తెరచిత్రాలుగా (స్క్రీన్‌షాట్లుగా) తీసి, కాగితం మీద ముద్రించి పెట్టుకోండి. యాప్ మూతపడ్డాక మీరు ఏం కొన్నారో చెప్పే సాక్ష్యం వాళ్ల దగ్గర తప్ప ఎక్కడా ఉండదు.

ఇక మేనల్లుడి సంగతి. ఫైలుకు నకలు తీయకుండా వేసే డిజిటల్ తాళాలను కాపాడే 65ఎ సెక్షన్ కాపీరైట్ చట్టంలోకి 2012 సవరణతో వచ్చింది, శిక్ష రెండేళ్ల దాకా ఉంది. అయితే అమెరికా 1998లో చేసిన చట్టానికీ మన చట్టానికీ పెద్ద తేడా ఉంది. అక్కడ సాధారణంగా తాళం తీయడమే తప్పు. మన దగ్గర హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో తీస్తేనే నేరం. పైగా ఈ చట్టం స్పష్టంగా నిషేధించని ప్రయోజనం కోసం చేసే పనికి ఆ సెక్షన్ అడ్డు రాదని అందులోనే రాశారు. సొంత చదువు కోసం చేసే న్యాయమైన వినియోగాన్ని 52వ సెక్షన్ అనుమతిస్తోంది. ఈ రెండూ కలిపి చదివితే, మీరు డబ్బు కట్టిన పుస్తకాన్ని మీరే చదువుకోవడానికి ఒక ప్రతి దాచుకోవడం నేరం కాదన్నది నా అభిప్రాయం. కంపెనీ మాత్రం షరతు ఉల్లంఘించారని అనవచ్చు, మూతపడుతున్న కంపెనీ ఆ తలనొప్పి పెట్టుకుంటుందని అనుకోను. ఒక విచిత్రం చెప్పాలి: ఇంకొకరి కోసం తాళం తీసిపెట్టేవారు, ఎవరి కోసం తీశారో వారి పేరు, చిరునామా, ప్రయోజనం రాసి ఉంచుకోవాలని ఆ సెక్షన్ ఆదేశిస్తోంది. కనుక మేనల్లుడు ఒక నోటు పుస్తకంలో మేనమామ పేరు రాసుకోక తప్పదు! ఆ ప్రతులను మాత్రం ఎవరికీ పంపకండి, వాట్సాప్ గుంపులో పెట్టిన క్షణం నుంచి మీ వాదన నిలవదు. మీకు చూపు లోపం ఉన్నట్టు వైద్యుల ధ్రువీకరణ ఉంటే మీ పక్షం మరింత గట్టిది. వైకల్యం ఉన్నవారికి చదవడానికి అనువైన రూపంలో ప్రతి తీయడాన్ని అదే 52వ సెక్షన్ ఒప్పుకుంటుంది. ఇలాంటి పాఠకుల కోసం కుదిరిన మర్రకేష్ ఒప్పందాన్ని 2014లో అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనదే.

ప్రశ్న: మా అమ్మాయికి పదమూడేళ్లు. ఇంట్లో తంబుర యాప్ శ్రుతి పెట్టుకుని త్యాగరాజ కృతి పాడితే, ఆ వీడియోను ఒక ఆన్‌లైన్ వేదికలో ఉంచాం. రెండు గంటల్లో ఒక రికార్డింగ్ కంపెనీ అది తమ సొత్తు అని క్లెయిమ్ పెట్టింది. త్యాగరాజస్వామి వారి కీర్తన మీద వీళ్లకు హక్కేమిటి? తర్వాత అన్నమయ్య సంకీర్తన పెడదామనుకుంటున్నాం, పెట్టవచ్చా? – ఒక తల్లి, విశాఖపట్నం

జవాబు: అమ్మా, త్యాగరాజస్వామి 1847లో సిద్ధి పొందారు. మన దేశంలో సాహిత్యానికీ సంగీత రచనకూ రచయిత మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ల వరకే కాపీరైట్ ఉంటుంది కనుక, ఆ కృతి మీద ఎవరికీ హక్కు లేదు. అయితే ఒక విద్వాంసుడు పాడగా కంపెనీ చేసిన రికార్డింగ్ మీద ఆ కంపెనీకి, విడుదలైన నాటి నుంచి లెక్కగట్టి 60 ఏళ్ల హక్కు వేరుగా ఉంటుంది. వీడియోల్లోని పాటలను రికార్డింగులతో పోల్చి చూసే వేదిక యంత్రం ఈ రెంటికీ తేడా ఎరగదు. ఒకే రాగం, ఒకే సంగతులు, ఒకే శ్రుతి వినిపిస్తే అదే రికార్డింగ్ అనుకుంటుంది. మీ విషయంలో నాకు తంబుర యాప్ మీదే అనుమానం. అదే యాప్ శ్రుతి వెనక పెట్టుకుని ఎవరో ఆల్బం చేసి ఉంటే, యంత్రం పట్టుకున్నది మీ అమ్మాయి గొంతును కాదు, ఆ శ్రుతిని.

వేదికలో ‘వివాదం’ అన్న దారి ఉంటుంది, అందులో నాలుగు వాక్యాలు రాయండి: రచన ఎవరిది, ఆయన ఏ సంవత్సరం గతించారు, పాడింది ఎవరు, శ్రుతి ఎక్కడిది. క్లెయిమ్ అంటే ప్రకటనల డబ్బు వాళ్లకు పోవడం, స్ట్రైక్ అంటే ఖాతాకే ఎసరు. మీకు వచ్చింది మొదటిదే కాబట్టి భయపడనవసరం లేదు. జవాబు రాకపోతే వేదిక ఫిర్యాదుల అధికారికి రాయండి. 2021 ఐటీ నియమాల ప్రకారం 24 గంటల్లో అందినట్టు చెప్పాలి, ఆ నియమాలు పెట్టిన గడువులోగా తేల్చాలి. తేల్చినది నచ్చకపోతే 30 రోజుల్లోగా కేంద్ర ప్రభుత్వం ఏర్పాటు చేసిన అప్పీలు కమిటీకి ఆన్‌లైన్‌లోనే వెళ్లవచ్చు. కంపెనీ కోర్టుకు లాగుతామని ఆధారం లేకుండా బెదిరిస్తే, బెదిరించినవారి మీదే దావా వేసే వీలును కాపీరైట్ చట్టం 60వ సెక్షన్ ఇస్తోంది. ఇది చాలామందికి తెలియదు. ఇంకొక మాట: ఆ పాటలో మీ అమ్మాయికీ హక్కు ఉంది. ప్రదర్శన ఇచ్చిన కళాకారుల హక్కు 50 ఏళ్లు ఉంటుంది, వయసుతో నిమిత్తం లేదు.

అన్నమయ్య దగ్గర మాత్రం తొందరపడకండి. సాహిత్యం అయిదు వందల ఏళ్ల నాటిది, అది అందరిదీ. కానీ తిరుమల రాగిరేకుల మీద దొరికినవి పాటలు, రాగాల పేర్లు మాత్రమే, స్వరాలు లేవు. ఈనాడు మనం వినే బాణీల్లో చాలావరకు గత శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి వంటి పెద్దలు కూర్చినవి. ఆ బాణీకి కాపీరైట్ ఇంకా ఉండి ఉండవచ్చు. స్వరకర్త పేరు వీడియో కింద రాయడం మర్యాద, కానీ అది అనుమతి కిందకు రాదు. మీ గురువు గారు సొంతంగా స్వరపరిచినది ఏదైనా ఉంటే, ఆయనను అడిగి దానితో మొదలుపెట్టండి.

ప్రశ్న: జిరాక్స్ షాపు నడుపుతున్నాను. మూడేళ్లుగా రీఫిల్ కాట్రిడ్జ్‌తో నడిచిన ప్రింటర్, దానంతట అదే ఒక అప్‌డేట్ ఎక్కించుకుని ‘ఇది అసలు కాట్రిడ్జ్ కాదు’ అని మొరాయిస్తోంది. ఏమైనా చేయవచ్చా? – ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: సిరా కథ కోర్టుల దాకా ఎప్పుడో వెళ్లింది. ఒకసారి అమ్మిన కాట్రిడ్జ్ మీద పేటెంట్ హక్కు అమ్మకంతోనే తీరిపోతుందని, దాన్ని నింపి మళ్లీ అమ్మేవారిని పేటెంట్ చూపి ఆపలేరని 2017 మే 30న అమెరికా సుప్రీంకోర్టు లెక్స్‌మార్క్ కంపెనీ కేసులో చెప్పింది. చట్టం దారి మూసుకుపోయిన చోట కంపెనీలు, వేరే కాట్రిడ్జ్‌ను ప్రింటర్ గుర్తుపట్టి ఆపేసేలా చిప్ పెట్టే దారి పట్టాయి, మీ షాపులో జరిగింది అదే. మన దగ్గర మరమ్మతు హక్కు మీద కేంద్రం 2022లో ఒక కమిటీ వేసింది, ఆ ఏడాది చివర్లోనే పోర్టల్ పెట్టింది, ప్రత్యేక చట్టం మాత్రం రాలేదు.

అయినా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేయడానికి మీ చేతిలో ఒక మంచి వాదన ఉంది. కొన్నప్పుడు చేయగలిగిన పనిని, కొన్నాక, మిమ్మల్ని అడగకుండా తీసేశారు. అప్‌డేట్ ఎక్కిన తేదీ, దానికి ముందు రోజు రీఫిల్‌తో ముద్రించిన కాగితం, ఇప్పుడు తెరమీద వచ్చే సందేశం ఫొటో, ఈ మూడూ దగ్గర పెట్టుకోండి. వ్యాపారం కోసం కొన్నారు కాబట్టి మీరు వినియోగదారు కాదని కంపెనీ తప్పక అంటుంది. స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి మాత్రమే కొన్న వస్తువు వాణిజ్య ప్రయోజనం కిందకు రాదని వినియోగదారుల రక్షణ చట్టం 2వ సెక్షన్‌లోనే వివరణ ఉంది. షాపులో మీరే కూర్చుని పని చేస్తున్నట్టు ఫిర్యాదు మొదటి పేరాలోనే రాయండి, నలుగురు జీతగాళ్లు, మూడు శాఖలు ఉంటే మాత్రం ఆ మాట నిలవదు. కొత్త ప్రింటర్ కొనవలసి వస్తే సిరా ట్యాంకులో పోసుకునే రకం చూడండి, అప్‌డేట్లు దానంతట అవే ఎక్కే ఏర్పాటును మొదటిరోజే ఆపేయండి. రీఫిల్ చేసిన కాట్రిడ్జ్‌ను అసలు కంపెనీ డబ్బాలో పెట్టి ఎవరికైనా అమ్మితే మాత్రం అది ట్రేడ్‌మార్క్ కేసు అవుతుంది, అక్కడ నేను మీ పక్షాన నిలబడలేను.