చదువు డేటా సైన్స్, చేతిలో వయొలిన్

ప్రశ్న: మా అమ్మాయి ఆగస్టులో అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయంలో డేటా సైన్స్ ఎంఎస్‌లో చేరుతోంది. తొమ్మిదేళ్లు కర్ణాటక వయొలిన్ నేర్చుకుంది. సంగీతం చదవని విద్యార్థులకు కూడా అక్కడ ఆర్కెస్ట్రా ఉందట, చేరతానంటోంది. చదువు దెబ్బతినదు కదా? ఉద్యోగానికేమైనా పనికొస్తుందా? – ఒక తల్లి, విజయవాడ

జవాబు: ఉద్యోగం సంగతి ముందే తేల్చేస్తాను. వయొలిన్ వాయిస్తుందని ఎవరూ డేటా సైన్స్ ఉద్యోగం ఇవ్వరు. ఆ ఆశ పెట్టుకోకండి.

అమ్మాయి విన్నది మాత్రం నిజమే. మిచిగన్‌లో క్యాంపస్ సింఫనీ ఆర్కెస్ట్రా, ఇండియానా విశ్వవిద్యాలయంలో ఆల్ క్యాంపస్ ఆర్కెస్ట్రా ఇతర శాఖల విద్యార్థుల కోసమే ఉన్నాయి. ఇవి పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వాయించే వాద్యబృందాలు. ఇంజినీర్లకు పేరుపడ్డ ఎంఐటీలో 1884లోనే ఆర్కెస్ట్రా మొదలైంది.

నాకు కనిపిస్తున్న చిక్కు చదువుతో కాదు, వయొలిన్‌తోనే. వాద్యం ఒకటే గానీ వాయించే తీరు వేరు. మన దగ్గర నేల మీద కూర్చుని, వయొలిన్ కొసను కాలి చీలమండ దగ్గర ఆనించి, తీగలను స-ప-స-పలుగా శ్రుతి చేస్తారు. అక్కడ కుర్చీలో కూర్చుని గడ్డం కింద పట్టుకోవాలి. తీగల శ్రుతి జి-డి-ఎ-ఇ. అంటే వేళ్లకు అలవాటైన చోట్లు మారిపోతాయి. గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ పలికించడం, పనికిరాదు. స్వరం ఉన్నచోట నిలకడగా నిలవాలి. పక్కవారి కమాను పైకి వెళితే తన కమానూ పైకే వెళ్లాలి. అన్నిటికన్నా కష్టం, గురువుగారి నోట విని నేర్చుకున్న పిల్ల ఐదు గీతల మీద రాసిన స్వరలిపిని చూస్తూ చూస్తూనే వాయించాలి. ఎంపిక పరీక్షలో చాలాచోట్ల అడిగేది అదే.

కాబట్టి మొదటి సెమిస్టరులో చేరవద్దనండి. కొత్త ఊరు, వంట, అసైన్‌మెంట్లే చాలినంత పని. ఇప్పటినుంచే పాశ్చాత్య వయొలిన్ మాస్టారి దగ్గర స్వరలిపి మొదలుపెట్టి, జనవరిలో ఎంపికకు వెళ్లమనండి. సాధన సాధారణంగా వారానికి ఒకటి రెండు సాయంత్రాలు ఉంటుంది. కచేరీ దగ్గరపడితే పెరుగుతుంది. ఆర్కెస్ట్రాను కోర్సుగా నమోదు చేసుకోవాల్సి వస్తే ఆ క్రెడిట్ డిగ్రీకి లెక్కకొస్తుందా, అదనపు ఫీజు పడుతుందా అని శాఖలోని సలహాదారును ముందే అడగాలి.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెప్పి పంపండి. అక్కడి తెలుగువాళ్ల పెళ్లిలోనో గుడి ఉత్సవంలోనో వాయించమని డబ్బిస్తామంటే ఒప్పుకోకూడదు. విద్యార్థులకిచ్చే ఎఫ్-1 వీసా మీద అనుమతి లేకుండా క్యాంపస్ బయట సంపాదిస్తే వీసాకే ముప్పు.

వయొలిన్‌ను క్యాబిన్‌లోకి రానిస్తారో లేదో టికెట్ కొనకముందే విమాన సంస్థను అడగండి.