గుడ్లు పెట్టాయి సరే, పిల్లలు దక్కేదెలా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. మా రెండున్నర అడుగుల అక్వేరియంలో ఆరు తెల్ల కోరీ క్యాట్‌ఫిష్‌లు, ఎనిమిది టెట్రాలు ఉన్నాయి. అల్పపీడనం పట్టి వానలు పడిన వారంలో కోరీలు అద్దానికి గుడ్లు పెట్టాయి. పొద్దున లెక్కపెడితే డెబ్భై దాకా ఉన్నాయి. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇరవై కూడా మిగల్లేదు. ఆ ఇరవై కూడా రెండు రోజుల్లో తెల్లబడి బూజు పట్టాయి. పది రోజులకు మళ్లీ పెట్టాయి, మళ్లీ అంతే. మా అమ్మాయి బాగా బెంగ పెట్టుకుంది. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు

జవాబు: ముందు మీ అమ్మాయికి ధైర్యం చెప్పండమ్మా. ఒకసారి మొదలుపెట్టిన కోరీలు మళ్లీ మళ్లీ పెడతాయి. వీటి పుట్టిల్లు దక్షిణ అమెరికా. అక్కడ వానలు పడి ఏరుల్లోకి చల్లటి కొత్తనీరు దిగినప్పుడు గుడ్లు పెట్టడం వీటి అలవాటు. మన దగ్గర అల్పపీడనం పట్టి ట్యాంకు నీళ్లు రెండు మూడు డిగ్రీలు చల్లబడ్డాయంటే వాటికి అదే కబురు. వాన లేని రోజుల్లో పావు వంతు నీళ్లు తీసి, కాస్త చల్లటి నీళ్లు పోసినా చాలాసార్లు పని జరుగుతుంది.

ఇక గుడ్లు తిన్నది టెట్రాలే అనుకోకండి, కన్న చేపలు కూడా తింటాయి. మీరు ఈసారి దగ్గర కూర్చుని చూడండి. ఆడచేప పొట్ట కింది రెక్కలను దొప్పలా మడిచి, అందులో రెండు మూడు గుడ్లు పట్టుకుని, అద్దం మీద చోటు వెతుక్కుని, మూతితో తుడిచి మరీ అంటిస్తుంది. అంత శ్రద్ధగా అంటించినదే కాసేపయ్యాక అటుగా పోతూ మింగేస్తుంది. కాపలా కాయడం ఈ జాతికి తెలియదు. కాబట్టి మీరు ఆఫీసుకు బయల్దేరేలోపే గుడ్లు తీసేయాలి.

అప్పుడే పెట్టిన గుడ్డు మెత్తగా ఉంటుంది, ముట్టుకుంటే చితుకుతుంది. పెట్టడం ఆగాక ఒక గంట ఓపిక పట్టండి, పెంకు గట్టిపడుతుంది. నేను మొదట్లో బ్లేడుతో గీకి సగం గుడ్లు పాడుచేశాను. వేలికి మించిన పరికరం లేదని తర్వాత తెలిసింది. సబ్బు వాసన లేకుండా చెయ్యి కడుక్కుని, తడి వేలి కొసతో గుడ్డును అద్దం మీద మెల్లగా దొర్లించండి. ఆవగింజంత గుడ్డు జిగురుగా వేలికి అంటుకుని వచ్చేస్తుంది. దాన్ని విడిగా సిద్ధం చేసుకున్న డబ్బా గోడకు ఆనిస్తే అక్కడ అతుక్కుంటుంది. ఒకదాని మీద ఒకటి పడకుండా ఎడంగా అంటించండి. మొక్క ఆకు మీద పెడితే ఆ ఆకే తుంచి డబ్బాలో వేయండి.

డబ్బా అంటే లీటరు, రెండు లీటర్ల ప్లాస్టిక్ డబ్బా చాలు. అందులో మీ ట్యాంకు నీళ్లే పోసి, ఎయిర్ స్టోన్ పెట్టి, బుడగలు సన్నగా వచ్చేలా తిప్పండి. నీళ్లు 24 నుంచి 26 డిగ్రీల మధ్య ఉండాలి. బూజుకు మిథిలీన్ బ్లూ వాడతారు. నీళ్లు లేత ఆకాశం రంగుకు వస్తే చాలు, అంతకు మించి వేయొద్దు. నాకైతే బాదం ఆకు మీద గురి. మన ఊళ్లో బాదం చెట్లకు కొదవా? రోడ్డు పక్కన దుమ్ము పట్టినది కాకుండా, ఎవరి పెరట్లోనైనా మందు కొట్టని చెట్టు కింద ఎండి రాలిన ఆకు ఏరుకుని, కడిగి, అరచేతంత ముక్క వేయండి. నీళ్లు పల్చటి టీ డికాషన్ రంగుకు తిరుగుతాయి. అందులో బూజు తొందరగా ఎదగదు.

అసలు పని ఇక్కడుంది. బూజు ముందు పట్టేది ఫలదీకరణ చెందని గుడ్డుకే, దాని నుంచి పక్కదానికి పాకుతుంది. పొద్దున, రాత్రి డబ్బా వెనక టార్చి పెట్టి చూడండి. పాలలా తెల్లబడిన ప్రతి గుడ్డునీ డ్రాపరుతో లాగేయండి. బతికిన గుడ్డు లేత గోధుమరంగుకు తిరుగుతుంది. ఇంకాస్త ఆగితే లోపల రెండు నల్ల చుక్కలు, చిన్న కదలిక కనిపిస్తాయి. తెల్ల కోరీలైతే కళ్లు అంత నల్లగా ఉండవు, కదలిక కోసం చూడండి. అన్నీ తెల్లబడుతుంటే మగచేపలు తక్కువేమో చూసుకోండి. పైనుంచి చూస్తే ఆడది వెడల్పుగా ఉంటుంది. ఒక ఆడదానికి ఇద్దరు మగవాళ్లుంటే మంచిది.

మూడు నుంచి అయిదు రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. పొట్ట కింద సొన సంచి ఉన్నంతవరకు, అంటే సుమారు రెండు రోజులు, తిండి వేయొద్దు. నా చేపల తొలి కాన్పు పిల్లలు దాదాపు అన్నీ ఇక్కడే పోయాయి. ఉడికిన కోడిగుడ్డు సొన నలిపి వేశాను. పిల్లలు తిన్నది కొంచెం, మిగిలింది అడుగున కుళ్లింది. తెల్లారి చూస్తే నలభై పిల్లల్లో మూడే కదులుతున్నాయి. ఇప్పటికీ ఆ డబ్బా కళ్లముందు కనిపిస్తుంది. అందుకే చెబుతున్నాను, గుడ్లు చూసిన రోజునే తిండి ఏర్పాటు మొదలుపెట్టండి. భీమిలి తీరంలోని రొయ్యల హేచరీల్లో పిల్లలకు వేసే ఆర్టీమియానే (ఉప్పునీటిలో బతికే చిన్న రొయ్యలాంటి జీవి) మీకూ కావాలి. అక్వేరియం షాపుల్లో చిన్న ప్యాకెట్లు దొరుకుతాయి. లీటరు నీళ్లలో పాతిక గ్రాముల ఉప్పు కలిపి, చిటికెడు ఆర్టీమియా గుడ్లు వేసి, లైటు కింద గాలి గట్టిగా కొడితే 24 నుంచి 36 గంటల్లో నారింజ రంగు పురుగులు పుడతాయి. పల్చటి గుడ్డలో వడగట్టి, మంచినీళ్లతో కడిగి, రోజుకు మూడుసార్లు కొంచెం కొంచెం వేయండి. తిన్న పిల్లల పొట్టలు నారింజ రంగులో కనిపిస్తే మీ కడుపు నిండుతుంది.

రోజూ డబ్బా అడుగు తుడిచి, సన్నటి ఎయిర్ ట్యూబుతో మురికి లాగి, పావు వంతు నీళ్లు మార్చండి. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. రాత్రంతా బకెట్లో గాలి కొట్టించి, వేడి సరిచూసి పోయండి. కరెంటు సంగతి కూడా ఆలోచించుకోండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేక, చిన్న గ్లాసుతో నీళ్లు తీసి డబ్బా గోడ మీదుగా జారవిడుస్తూ గంటగంటకూ గాలి అందించాను. పదకొండు పిల్లలు దక్కాయి. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి. పిల్లలు రెండు సెంటీమీటర్లు దాటాకే పెద్ద ట్యాంకులోకి వదలండి.

ప్రశ్న: మా కోరీలు ఉన్నట్టుండి రివ్వున పైకొచ్చి గాలి మింగి కిందికి పోతున్నాయి. ఊపిరాడటం లేదా అని టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: కంగారు పడకండి. ఈ చేపలు మింగిన గాలిలోని ఆక్సిజన్‌ను పేగుల ద్వారా కూడా తీసుకోగలవు. అప్పుడప్పుడు అలా రావడం మామూలే. నిమిషానికోసారి వస్తున్నా, మిగతా చేపలు కూడా పైనే తచ్చాడుతున్నా నీళ్లు పాడైనట్టే, వెంటనే మూడో వంతు మార్చండి. వలతో మాత్రం పట్టొద్దు, రెక్కల ముళ్లు వలలో చిక్కుకుంటాయి. గ్లాసుతో ముంచి తీయండి. నీటికీ మూతకూ మధ్య రెండు అంగుళాల ఖాళీ ఉంచండి.