బావగారి బుల్లెట్ ఇంజను విప్పే ముందు

చిరంజీవి మేనల్లుడికి, పర్లాకిమిడి నుంచి మీ మావయ్య ఆశీస్సులు.

గుణుపురంలో మీ పెరటి షెడ్డులో ఇన్నేళ్ళుగా స్టాండు మీదే ఉండిపోయిన మీ నాన్నగారి బుల్లెట్ 350 ఇంజనును ఇంట్లోనే నీ చేతులతో విప్పి బాగుచేసుకోవాలని ఉందంటూ నువ్వు రాసిన ఉత్తరం అందింది. ఆ బండి మీదే బావగారు మీ అమ్మను పెళ్ళైన కొత్తలో మా ఇంటికి తీసుకువచ్చేవారు. అందుచేత ఈ పని సవ్యంగా జరగాలన్న ఆరాటం నీకెంత ఉందో నాకూ అంతే ఉంది. ఇది ఇంట్లో చేయగలిగిన పనే. అయితే విప్పడం ఒక్క పూటలో అయిపోతుంది. కొలవడానికి, శుభ్రం చేయడానికి, ఆయిల్ నడిచే దారులన్నీ తెరుచుకుని ఉన్నాయని నిర్ధారించుకోవడానికి వారాలు పడుతుంది. బిగించిన కొద్ది రోజులకే పాడైన ఇంజన్లను నేను చాలా చూశాను, వాటిలో ఎక్కువ భాగం ఈ రెండో పనిలో తొందరపడినవే.

పని దసరా దాటాక మొదలుపెట్టు. మన వంశధార ఒడ్డు వానాకాలపు గాలికి, అప్పుడే బోరు చేయించి, అంటే లోపలి గోడను లేత్ షాపులో కోయించి తెచ్చిన పోత ఇనుము బారెల్ (పిస్టన్ ఆడే గొట్టం) ఒక్క రాత్రిలో తుప్పుతో ఎర్రబడుతుంది. ఎండలు కాసే రోజుల్లో కూడా బారెల్‌కు లోపలంతా ఆయిల్ రాసి గుడ్డలో చుట్టిపెట్టాలి.

అన్నిటికన్నా ముందు ఒక మాట: ఆ బండికి కిక్కు కొట్టవద్దు. బుల్లెట్ ఆయిల్ ట్యాంకు క్రాంకు కేసులోనే, అంటే పిస్టన్ తిప్పే క్రాంకు ఇరుసు ఉండే అడుగు పెట్టెలోనే, ఒక గదిగా ఉంటుంది. బండి ఏళ్ళ తరబడి నిలిచిపోతే ఆ ఆయిల్ పంపును దాటి మెల్లగా క్రాంకు తిరిగే గదిలోకి దిగిపోతుంది. ముందు అడుగున ఉన్న డ్రెయిన్ ప్లగ్గులు విప్పి దాన్ని కార్చు. ఆ తరువాత స్పార్క్ ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలో డీజిలు, ఇంజను ఆయిలు సగం సగం కలిపి పోసి నాలుగైదు రోజులు వదిలేయి. బిగుసుకుపోయిన పిస్టన్‌ను కిక్కు మీద ఎక్కి తొక్కి కదిలించబోతే రింగులు విరగడమే కాక కనెక్టింగ్ రాడ్ కూడా వంగవచ్చు.

పనిముట్ల విషయంలో పొదుపు చేయవద్దు. 1955లో మద్రాసులో తయారీ మొదలైనప్పుడు ఆంగ్లేయుల నమూనాతో పాటు వారి మరలూ వచ్చాయి కాబట్టి, పాత బుల్లెట్ నట్లలో చాలావాటికి మిల్లీమీటరు పానాలు సరిగా పట్టవు. పట్టినట్టే ఉండి జారి, నట్టు తలను గుండ్రం చేస్తాయి. విట్‌వర్త్ కొలతల పానాల సెట్టు బరంపురంలోనో విశాఖలోనో వెతికి కొను. ఇంకొకటి, ఇంజను పక్కనుండే టైమింగ్ కవరు అనే మూత తీశాక క్రాంకు కొసన కనిపించే, ఆయిల్ పంపును తిప్పే వర్మ్ మరకు ఎడమ చేతి చుట్టు ఉంటుంది, అంటే మామూలు మరకు ఎదురు దిశలో విప్పాలి. ఇది తెలియక మామూలు దిశలో బలమంతా పెట్టి క్రాంకు కొసనే పాడుచేసుకున్నవారు ఉన్నారు. విప్పిన ప్రతి భాగాన్నీ ఫోనులో ఫొటో తీసుకుని, వేరు వేరు సంచుల్లో పేరు రాసి పెట్టు.

ఇక కొలతలు. ఈ ఇంజనుకు బోరు, అంటే బారెల్ లోపలి వెడల్పు, 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు, అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం, 90 మిల్లీమీటర్లు, మొత్తం 346 సీసీ. బారెల్ అన్ని వైపులా సమానంగా అరగదు. పిస్టన్ ముందుకూ వెనక్కూ ఒత్తుకుంటుంది కాబట్టి ఆ దిశలో ఎక్కువగా, పై రింగు పైకొసన ఆగే చోట అన్నిటికన్నా ఎక్కువగా అరుగుతుంది. అందుచేత పైన, నడుమ, కింద, ఒక్కొక్క చోట రెండు దిశల్లో కొలిపించు. బోరు చేయించక తప్పదనుకుంటే ముందు ఓవర్‌సైజు పిస్టన్ (పెరిగిన బోరుకు సరిపడే కాస్త పెద్దది) కొని, దాన్ని బారెల్‌తో పాటు లేత్ షాపులో ఇవ్వు. పిస్టన్ చేతిలో లేకుండా డబ్బా మీది అంకె చూసి బోరు చేస్తామనేవారికి బారెల్ అప్పగించవద్దు, వారెంత అనుభవజ్ఞులైనా సరే. ఇంటికి తెచ్చాక కొత్త రింగును ఒక్కదాన్నే బారెల్‌లోకి దించి, పిస్టన్ తలతో సమంగా నెట్టి, రింగు కొసల మధ్య సందును ఫీలర్ గేజితో చూడు. ఈ బోరుకు దాదాపు 0.3 మిల్లీమీటర్లు ఉండాలి. సందు మరీ తక్కువైతే వేడికి రింగు సాగి కొసలు కలిసి బారెల్‌ను గీస్తాయి.

కనెక్టింగ్ రాడ్‌ను రెండు చేతులతో పట్టి నిలువుగా లాగి, నొక్కి చూడు. పక్కలకు కాస్త కదిలితే భయం లేదు కానీ, పైకీ కిందికీ ఏమాత్రం ఆట తెలిసినా బిగ్ ఎండ్, అంటే రాడ్ క్రాంకుకు పట్టే కింది కొస, పోయినట్టే. ఆ ఒక్క పని ఇంట్లో పెట్టుకోవద్దు. క్రాంకును విడదీసి, బుష్ మార్చి, తిరిగి నొక్కి, సెంటర్ల మధ్య తిప్పి సరిచేయడానికి ప్రెస్సు, డయల్ గేజి, చేయి తిరిగిన మనిషి కావాలి. వాల్వులు మాత్రం నువ్వే గ్రైండింగ్ పేస్టుతో కూర్చోబెట్టుకోవచ్చు. తరువాత హెడ్డును పోర్టు (గాలి, పొగ పోయే రంధ్రం) నోరు పైకి వచ్చేలా పెట్టి, అందులో కిరోసిన్ పోసి పావుగంట చూడు. వాల్వు అంచున తడి కనిపిస్తే మళ్ళీ పేస్టు పట్టాలి.

ఇప్పుడు చెప్పేది నా చేతి మీద జరిగినది. పని నేర్చుకున్న కొత్తలో, టైమింగ్ కవరు కారకూడదన్న అత్యాశతో ప్యాకింగుకు రెండు వైపులా బంక దట్టంగా పూశాను. కవరు కారలేదు. కానీ బిగించినప్పుడు లోపలికి ఉబ్బిన బంక ఊడి, క్రాంకుకు ఆయిల్ పోయే సన్నని దారికి అడ్డంపడింది. ఆర్. ఉదయగిరి కొండదారిలో బిగ్ ఎండ్ చప్పుడు మొదలై, ఇంటికి చేరకముందే రాడ్ పట్టేసింది. ఆ బండి యజమాని ఒక్క మాట కూడా అనలేదు. ఆ మౌనం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. అందుకే చెబుతున్నాను: బంక పలుచని పొరగా మాత్రమే పూయి. ప్రతి ఆయిల్ రంధ్రంలోనూ కిరోసిన్ చిమ్మి, అవతలి కొసన ధార రావడం కళ్ళతో చూడు. క్రాంకు కొసన ఉండే చిన్న సీలును తప్పక కొత్తది వేయి, ఎందుకంటే బిగ్ ఎండ్‌కు ఆయిల్ అందడం దాని మీదే ఆధారపడి ఉంది. పిస్టన్ పిన్ను లాకులు పెట్టేటప్పుడు క్రాంకు కేసు నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కు. పాత లాకులు మళ్ళీ వాడవద్దు.

టాపెట్లను, అంటే వాల్వులను నెట్టే పుష్ రాడ్ల సర్దుబాటును, ఇంజను చల్లగా ఉండగా, కంప్రెషన్ మీద (రెండు వాల్వులూ మూసుకుని) పిస్టన్ పైకొసన ఉన్నప్పుడు సరిచేయాలి; పుష్ రాడ్ వేళ్ళతో సులువుగా తిరగాలి, కానీ పైకీ కిందికీ ఆడకూడదు. స్పార్కు కోసం తెరుచుకుని మూసుకునే పాయింట్ల సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య ఉంచు.

స్టార్టు చేసే ముందు ఆయిల్ ఫిల్టరు గదిని చేత్తోనే ఆయిల్‌తో నింపి, స్పార్క్ ప్లగ్గు తీసేసి, కిక్కును మెల్లగా ఎన్నోసార్లు తొక్కు. స్టార్టయ్యాక హెడ్డుకు పోయే సన్నని పైపు బోల్టును కాస్త వదులు చేసి చూడు. అక్కడ ఆయిల్ ఊరకపోతే అదే క్షణంలో ఇంజను ఆపేయి.

మొదటి 500 కిలోమీటర్లు కొండ ఎక్కవద్దు, వెనుక ఎవరినీ ఎక్కించుకోవద్దు, గంటకు 50 దాటవద్దు. అలాగని ఒకే వేగంతోనూ పోకూడదు. మొదటిసారి చల్లారాక హెడ్డు నట్లను ఎదురెదురుగా మళ్ళీ బిగించి, టాపెట్లు చూసుకో. 500 నిండాక ఆయిల్ మార్చేటప్పుడు దాన్ని పారబోయకుండా తెల్లటి గిన్నెలో పట్టి, ఎండలో పెట్టి చూడు. సన్నని బూడిదరంగు మెరుపు ఉంటే రింగులు కూర్చుంటున్నాయని అర్థం. పసుపు ముక్కలు గానీ గోటికి తగిలే రేకులు గానీ కనిపిస్తే బండి తీయవద్దు. ఏమీ లేకపోతే, ఆ ఆయిల్ కొంచెం సీసాలో పోసుకుని కాశీనగర్ మీదుగా పర్లాకిమిడి వచ్చి నాకూ చూపించు. మీ అత్తయ్య నిన్ను అడిగానని చెప్పమంది.

ఇట్లు,
మీ మావయ్య