ట్రాక్ సైక్లింగ్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో స్ప్రింట్ రేసర్లు మధ్యలో ఎందుకు ఆగిపోతారు?

ముందున్నవాడికే నష్టం కాబట్టి. స్ప్రింట్ అంటే 250 మీటర్ల ట్రాక్‌పై ఇద్దరి మధ్య మూడు చుట్ల పోటీ. అసలు పరుగు చివరి 200 మీటర్లే. ముందు వెళ్లేవాడు గాలిని చీల్చుకుంటూ పోవాలి, వెనుకవాడు కనిపించడు కూడా. వెనుకవాడేమో వాడి నీడలో శక్తి మిగుల్చుకుని, చివర్లో పక్కనుంచి దూసుకొస్తాడు. అందుకే ఎదుటివాణ్ణి బలవంతంగా ముందుకు పంపాలని కదలకుండా నిలబడతారు. ఊరికే నిలబడ్డారనుకోకండి, అదో విద్య.

ఈ సైకిళ్లకు బ్రేకులుండవు, ఒకటే గేరు. వెనుక చక్రంతోపాటే పెడల్ తిరుగుతుంది, అంటే కాలితోనే ఆపాలి. పెడళ్లను నేలకు సమాంతరంగా ఉంచి, ముందు చక్రాన్ని ట్రాక్ వాలుకు పైవైపు తిప్పి, కొద్దిగా ముందుకు నొక్కుతూ నిలబడతారు. మలుపుల్లోనైతే ఆ వాలు 40 డిగ్రీలకు పైనే ఉంటుంది. అక్కడ వేగం బాగా తగ్గితే టైరు పట్టు తప్పి కిందికి జారిపోతారు.

ఎంతసేపైనా ఆగొచ్చా? లేదు. ఒక్కసారికి 30 సెకన్లే, అదీ రేసు మొత్తంలో రెండుసార్లే. గడువు దాటితే ముందున్నవాణ్ణి కదలమంటారు. వినకపోతే రేసు ఆపి రెండోవాణ్ణి విజేతగా ప్రకటిస్తారు.