సోఫా సంగతి తర్వాత, ముందు సాక్సులు ఎత్తిపెట్టు

ఒరేయ్ చిన్నా,

మీ అమ్మ ఫోన్ చేసింది. ఎవరో వద్దనుకున్న ఎనిమిది నెలల జర్మన్ షెపర్డ్‌ని ఇంటికి తెచ్చుకున్నావట, పది రోజుల్లో సోఫా మూల, రిమోట్, ఒక కాలి చెప్పు, చార్జర్ వైరు అయిపోయాయట, నువ్వేమో జర్మన్ కమాండ్లు రాసుకుని ట్రైనింగ్ ఇస్తానంటున్నావట. ఒకరు వదిలేసిన కుక్కని తెచ్చుకున్నావని గర్వంగా అనిపించింది. కానీ ఫోన్ పెట్టేసే ముందు మీ అమ్మ "సాక్స్ నోట్లో పెట్టుకుని అది ముందు, వీడు వెనక, ఇల్లంతా పరుగులే వదినా" అని నవ్వింది, నాకు గుండె ఝల్లుమంది. ఆ పరుగులు ఇవాళే ఆపెయ్. మిగతాది తీరిగ్గా చదువు.

మామూలు విషయాలు నీకు తెలిసినవే. పొద్దున సాయంత్రం బాగా నడిపించు, కొరకడానికి గట్టి రబ్బరు బొమ్మలివ్వు, నువ్వు చూడలేనప్పుడు క్రేట్‌లో, అంటే కుక్కల బోనులో, ఉంచు, వైర్లు పైకి కట్టెయ్. ఎనిమిది నెలలంటే 28 పాలపళ్లూ పోయి 42 అసలు పళ్లు వచ్చేసి ఉంటాయి, కాబట్టి పళ్లొస్తున్నాయి పాపం అని వెనకేసుకు రాకు, ఇది చాలావరకు ఏం తోచక చేస్తున్న పని. 1899లో స్టెఫానిట్స్ అనే ఆయన ఈ జాతికి క్లబ్ పెట్టింది గొర్రెలు కాసే కుక్కల్ని చూసి మురిసిపోయి. రోజంతా మంద చుట్టూ తిరిగే బుర్ర అది, నువ్వు పనివ్వకపోతే అదే వెతుక్కుంటుంది, మీ ఇంట్లో దానికి దొరికిన పని సోఫా. నువ్వు బయటికెళ్లినప్పుడు మాత్రమే తలుపు దగ్గర గీకుతూ ఏడుస్తూ కొరుకుతుంటే మాత్రం అది వేరు, ఒంటరిగా ఉండలేని భయం. తిడితే ముదురుతుంది, డాక్టర్‌కి చూపించు.

ఇక నీ జర్మన్. షెపర్డ్ అయినంత మాత్రాన దానికి జర్మన్ రాదురా. చాలాచోట్ల పోలీసు కుక్కలు జర్మనీ వైపు నుంచి ట్రైనింగ్ అయి వస్తాయి కాబట్టి ఆ మాటలు వాటితో పాటే వచ్చాయి, నేర్చుకునేది వాటిని నడిపించే పోలీసులు. మనకి లాభం ఇంకోటుంది. తెలుగులో "రా" అని పిలిచావనుకో, రోజంతా ఏరా, తిన్నావా రా, ఫోన్ ఎత్తరా అంటూనే ఉంటావు, అది ఎన్నిటికని వస్తుంది? నాలుగు రోజుల్లో ఆ మాట అరిగిపోతుంది. "వద్దు" కూడా అంతే. అదే "హియర్" అంటే వేరే ఏ మాటలోనూ కలవదు. జిట్స్ అంటే కూర్చో, ప్లాట్స్ అంటే పడుకో, ఫూస్ అంటే పక్కనే నడు, బ్లైప్ అంటే కదలకు, ఔస్ అంటే వదిలెయ్. జిట్స్, ప్లాట్స్ రెండిటికీ తోక ఒకటే కాబట్టి ఒకటి బాగా వచ్చాకే రెండోది మొదలుపెట్టు, చేతి సైగ కూడా కలుపు. సిట్స్ అన్నా జిట్స్ అన్నా దానికేం పట్టదు, ఇంట్లో అందరూ ఒకేలా అనాలి, ఒక్కసారే అనాలి. మీ మావయ్య "జిట్స్ జిట్స్ జిట్స్ జిట్స్" అనేవాడు, మా పాత కుక్క బ్రూనో నాలుగోదానికి కూర్చునేవాడు, వాడి లెక్కలో కమాండ్ మొత్తం అదే మరి. ఔస్‌తో ఇంకో తమాషా ఉంది, ఫోన్లో నువ్వు ఔను ఔను అంటుంటే బొమ్మ వదిలేసి నీ మొహం చూస్తుంది.

బ్రూనో నీకు గుర్తున్నాడో లేదో. నీకప్పుడు ఆరేళ్లు, సెలవులకి మా ఇంటికొచ్చావు. వాడికీ అప్పుడు ఇలాగే ఏడాదిలోపు. నేను వాడికి ఔస్ నేర్పలేదురా, అరిచాను. వాడు ఏది నోట్లో పెట్టుకున్నా ఔస్ ఔస్ అంటూ వెంటపడి, మూలకి నెట్టి, దవడ విప్పి లాక్కునేదాన్ని. నాకు ఔస్ అంటే వదిలెయ్. వాడికి ఔస్ అంటే ఈవిడ లాక్కోబోతోంది, తొందరగా మింగు. చింపేసిన దిండు ముందు నిలబెట్టి తిట్టేదాన్ని కూడా, వాడు చెవులు వెనక్కి పెట్టి తల వంచేవాడు, చూశావా తప్పు తెలుసు వాడికి అనేదాన్ని. చాలా ఏళ్ల తర్వాత, 2009లో, అలెగ్జాండ్రా హోరోవిట్స్ అనే ఆవిడ పరీక్ష పెట్టి చూసింది, కుక్క నిజంగా తప్పు చేసిందా లేదా అన్నదానితో ఆ మొహానికి సంబంధం లేదట, మనం తిడితే ఆ మొహం పెడుతుందట. అది చదివి చాలాసేపు ఊరికే కూర్చున్నాను.

ఆ రోజు నీ సాక్స్, పసుప్పచ్చ బాతు బొమ్మ ఉన్నది, మంచం కింద నుంచి తీశాడు. నేను గుమ్మంలోంచే ఔస్ అని అరిచి పరిగెత్తాను. వాడు నా కళ్లల్లోకి చూస్తూ రెండు గుటకల్లో మింగేశాడు. అంతకుముందు రెండుసార్లు మింగినవి మర్నాడు బయటికొచ్చాయి, ఇదీ అంతేలే అనుకున్నాను. రెండు రోజులు కక్కాడు, నీళ్లు కూడా ఉండలేదు, దొడ్డికి వెళ్లలేదు, మూడో రోజు గచ్చు మీద పొట్ట ఆనించి లేవలేదు. ఎప్పుడు మింగాడమ్మా అని డాక్టర్ అడిగితే చెప్పడానికి నోరు రాలేదు. గంటా రెండు గంటల్లో తెచ్చుంటే ఇంజక్షన్‌తో కక్కించేవాణ్ణి అన్నాడాయన. పేగు కోసి తీశారు. ఒక స్టీల్ ట్రేలో పెట్టి చూపించారు, బాతు రంగు కూడా పోలేదు.

ఇంటికొచ్చాక నువ్వు అడిగావు, బ్రూనో ఎందుకు మింగాడు అత్తా అని. నువ్వు సాక్స్ కింద పడేశావు కాబట్టి, అన్నాను నేను. మిగతా సెలవులన్నీ నీ చెప్పులు, సాక్సులు, పెన్సిళ్లు అన్నీ బీరువా మీద పెట్టుకుంటూ తిరిగావు. నీ వల్ల కాదు నాన్నా, నా వల్ల. అప్పుడే చెప్పాల్సింది.

కాబట్టి అన్నిటికంటే ముందు ఔస్ నేర్పు, జిట్స్ కూడా తర్వాతే. నేల మీద కూర్చో. దానికి ఇష్టమైన బొమ్మ నోట్లో ఉండగా ఉడకబెట్టిన చికెన్ ముక్క ముక్కు దగ్గర పెట్టు, నోరు తెరుచుకుంటున్న క్షణంలో మెల్లగా ఔస్ అను, ముక్క ఇవ్వు, ఆ వెంటనే బొమ్మ కూడా తిరిగిచ్చెయ్. తిరిగివ్వడమే అసలు కిటుకు, వదిలితే పోదు అని దానికి తెలియాలి. ఐదు నిమిషాలు చాలు, రోజుకి రెండు మూడుసార్లు. పరిగెడితే నువ్వు ఎదురు దిక్కుకి నడువు, దాని తిండి డబ్బా గలగలలాడించు. ఆల్రెడీ నువ్వు ఔస్ అని అరిచి పాడుచేసుంటే ఆ మాట వదిలేసి "గిబ్" అని మొదలుపెట్టు, ఇవ్వు అని అర్థం. బ్రూనోకి నేను అదే చేశాను, మూడు నెలలు పట్టింది, ఒక రోజు మీ మావయ్య రుమాలు తెచ్చి నా పాదం మీద పెట్టి తోకూపుతూ నిలబడ్డాడు.

ఒకవేళ మింగిందా, ఉప్పునీళ్లూ అవీ పట్టకు, వెంటనే డాక్టర్ దగ్గరికి పట్టుకెళ్లు. వెనక నుంచి దారం వేలాడుతుంటే లాగకు, పేగు తెగుతుంది. షుగర్ లేని చూయింగ్ గమ్, ఎండుద్రాక్ష ఇంట్లో కింద ఎక్కడా ఉండకూడదు. రాత్రి రెండైనా ఫోన్ చెయ్, ఎత్తుతాను.

ఇంత రాశాను, దాని పేరేంటో మీ అమ్మని అడగడమే మర్చిపోయాను. ఇంకా పెట్టకపోతే మాత్రం జిట్స్‌కి దగ్గరగా వినపడేది పెట్టకు.

మీ అత్త