అంబులెన్సు డ్యాష్‌బోర్డు మీద ఏ ఫ్లాషరు మంచిది? ఘాటీ రోడ్డులో బండి నడిపేవాడి జవాబు

మీరు అడిగింది: ఒడిశాలో పొట్టంగి దగ్గర మీ యువజన సంఘం పాత బొలేరో అంబులెన్సు కొన్నది, పైన టాప్ లైటు పాడైంది, దాని బదులు డ్యాష్‌బోర్డు మీద పెట్టే ఎల్ఈడీ ఫ్లాషరు (వెలిగి ఆరే హెచ్చరిక లైటు) కొంటే సరిపోతుందా, సరిపోతే ఏ రకం కొనాలి అని.

సరిపోదు. టాప్ లైటు బాగుచేయించుకుని, దానికి తోడుగా ఇది పెట్టుకుంటే మాత్రం పెట్టిన డబ్బుకు న్యాయం జరుగుతుంది. నేను జయపురంలో అంబులెన్సు డ్రైవర్ని. మా పేషెంట్లలో చాలామంది విశాఖ కేజీహెచ్ పెద్దాసుపత్రికే వెళ్తారు కాబట్టి సుంకి ఘాటీ, సాలూరు, గజపతినగరం నాకు అలవాటైన దారి. ఆ దారిని బట్టే చెబుతున్నాను.

డ్యాష్ లైటు బండి ముక్కు ఎటుంటే అటే కొడుతుంది. ఘాటీ మలుపులో ఆ ముక్కు కొండకో, పక్కనున్న పిట్టగోడకో ఎదురుగా ఉంటుంది. ఎదురొచ్చే లారీ డ్రైవరుకి మీ లైటు కనిపించేసరికి ఇద్దరూ మలుపులోనే ఉంటారు, ఇంక తప్పుకోవడానికి చోటెక్కడ? పైన చుట్టూ తిరిగి కొట్టే లైటుంటే రాత్రిపూట దాని వెలుగు కొండరాళ్ల మీద, చెట్ల కొమ్మల మీద పడుతుంది. బండి కనపడకముందే ఏదో వస్తోందని అవతలివాడికి అర్థమై, కాస్త వెడల్పున్న చోటే ఆగిపోతాడు. అంబులెన్సుకు దారివ్వకపోతే 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 194ఈ కింద పదివేల జరిమానా ఉంది, ఆరు నెలల జైలు కూడా పడొచ్చు. అయితే లోడు లారీ హెయిర్‌పిన్ మలుపు మధ్యలో ఇరుక్కున్నాక వాడు మాత్రం ఏం చేస్తాడు?

సాలూరు దిగి మైదానంలోకి వచ్చాక లెక్క మారుతుంది. ముందు కారుకి బాగా దగ్గరగా వెళ్లినప్పుడు మీ బండి టాపు అతని లోపలి అద్దంలో పైకి తెగిపోతుంది. డ్యాష్ లైటు సరిగ్గా ఆ అద్దం మధ్యలో పడుతుంది. విజయనగరం ఊళ్లో ఆటోల మధ్య నడిపేటప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది. లారీ వెనక ఉంటే మాత్రం దాని వెనక డోరు మీదే వెలుగు పడుతుంది. కొంచెం కుడికి జరిగి, డ్రైవరు వైపు అద్దంలో కనబడితేనే లాభం.

ఇక రకాలు. బజారులో మీకు చూపించేవి దాదాపు మూడు: డ్యాష్ మీద ఉండి అద్దానికి సక్షన్ కప్పులతో అంటించేవి, సన్ వైజర్ వెనక బిగించే పొడవాటి పట్టీలు, అడుగున అయస్కాంతం ఉన్న చిన్న గుండ్రటి లైటు. గుండ్రటిదాన్ని లోపల పెట్టకండి. చుట్టూ కొట్టేది కాబట్టి సగం వెలుగు మీ మొహం మీదే పడుతుంది, దాని చోటు బండి పైనే. వైజర్ పట్టీ ఎత్తులో ఉంటుంది, బాగా కనిపిస్తుంది, కానీ ఎండ ఎదురొచ్చినప్పుడు వైజర్ దించుకోవడానికి అడ్డం. మీ బొలేరోకి నేనైతే డ్యాష్ మీద ఉండేదే తీసుకుంటాను, అదీ నల్లటి గొడుగు ఉన్నదే. గొడుగంటే లైటు చుట్టూ ఉండి అద్దానికి ఆనుకునే రబ్బరు లేదా ప్లాస్టిక్ అంచు.

ఆ అంచు లేకపోతే వెలుగులో కొంత అద్దానికి తగిలి వెనక్కి, మీ కళ్లలోకి వస్తుంది. షాపులో ట్యూబ్‌లైట్ల కింద ఇది తెలియదు. చలికాలం తెల్లవారుజామున పొట్టంగి పొగమంచులో తెలుస్తుంది: ఒకపక్క అద్దం, ఇంకోపక్క మంచు రెండూ వెలుగును మీకే తిప్పికొడతాయి, రోడ్డు అంచు కనిపించదు. ఎంత ఖరీదైన లైటైనా ఈ ఒక్క కారణంతో నేను వద్దంటాను. కొనేముందు చీకటిపడ్డాక బండిలో కూర్చుని వెలిగించి చూడండి. రాత్రికి వెలుగు తగ్గించే బటన్ ఉంటే ఇంకా మంచిది. మంచు దట్టంగా ఉంటే డ్యాష్ లైటు పూర్తిగా ఆపేసి టాప్ లైటుతోనే వెళ్తాను.

అద్దం వెలుగును కొంత తినేస్తుంది కూడా. ముందు అద్దం కనీసం 70 శాతం వెలుగును దాటనివ్వాలని రూలు, అంటే మిగతా 30 శాతం వరకు పోవచ్చు. ఏటవాలుగా ఉన్న అద్దంలో ఇంకా పోతుంది. బొలేరో అద్దం కొత్త కార్లంత వాలుగా ఉండదు, అది మీకు కలిసొచ్చే విషయం.

అమ్మేవాళ్లు ముప్పై రకాల ఫ్లాష్‌లు, ఇన్ని వాట్లు అని ఊదరగొడతారు. వాట్లంటే కరెంటు ఖర్చు, వెలుగు కాదు. డబ్బా మీద ఎస్ఏఈ జే595 క్లాస్ 1 అనో, ఈసీఈ ఆర్65 అనో ఉందా చూడండి. మొదటిది అమెరికా ప్రమాణం, ఒక దిక్కుకు కొట్టే హెచ్చరిక లైట్లకు. చుట్టూ కొట్టేవాటికి జే845. రెండోదైన ఆర్65 ఐరోపా ప్రమాణం, దానిలో సెకనుకు 2 నుంచి 4 సార్లే వెలగాలి. అంతకన్నా టపటపా కొట్టే స్ట్రోబ్ చూస్తే ఎదుటివాడికి బండి ఎంత దూరంలో ఉందో అంచనా దొరకదు. ఐపీ67 అని రాసి ఎక్కువ డబ్బు అడిగితే ఇవ్వకండి. అది మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి నీరు పోదనే మాట, బండి లోపల దానితో పనేముంది? లోపల అసలు శత్రువు ఎండ. వేసవిలో ఆగి ఉన్న బండిలో సక్షన్ కప్పులు మెత్తబడి ఊడిపోతాయి, అందుకే స్క్రూలతో బిగించే బ్రాకెట్ అడగండి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండైతే అది తెరుచుకునే చోట మాత్రం ఏదీ పెట్టకూడదు.

సిగరెట్ లైటరు సాకెట్‌లో ప్లగ్గు పెట్టి సరిపెట్టకండి, గతుకుల్లో వదులైపోతుంది. 30 వాట్ల లైటు 12 వోల్టుల మీద రెండున్నర ఆంపియర్లు లాగుతుంది. విడిగా ఫ్యూజు వేసి వైరు లాగించండి, సైరన్ లైనుతో కలపొద్దు. రంగు విషయంలో పగలు ఎరుపు, రాత్రి నీలం బాగా పట్టిస్తాయి, రెండూ ఉన్నది తీసుకోండి. ఆర్‌సీలో అంబులెన్సు అని ఉన్న బండికే ఇవన్నీ. సంఘం సభ్యుల సొంత కార్లకి వద్దు. 2017 మే 1 నుంచి మంత్రుల బండ్ల మీద నుంచి కూడా ఎర్రబుగ్గలు తీసేశారు.

ఒకటి మీరు అడగలేదు గానీ, వెనక సంగతి కూడా చూడండి. రోడ్డు పక్కన ఆపి పేషెంటును ఎక్కించేటప్పుడు డ్యాష్ లైటు వెనకవాళ్లకి కనిపించదు. చాలా బండ్లలో వెనక బ్లింకర్లు డోర్లకే బిగిస్తారు, డోర్లు తెరవగానే అవి పక్కకి తిరిగిపోతాయి. వెనక లైటును డోరుకు కాకుండా పైన టాపు అంచుకు బిగించమని ఎలక్ట్రీషియన్‌కి చెప్పండి.